గీతలు లేని వేళ్లు

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. అక్షరం దిద్దింది యాభై ఆరో ఏట. ఒక్కో మాటకు చాలాసేపు పడుతోంది.

నా భర్త తేయాకు కొండమీదే పోయాడు. కర్మలైనా కాకముందే దొర మనుషులు వచ్చి మా గదిలోని సామాను వానలోకి విసిరారు. గది ఖాళీ చేస్తానని నేను వేలిముద్ర వేశానట! కూలీల గదుల వరస, మా లైనులో మరో పదిహేడు మంది ఆడవాళ్లకూ అలాంటి కాగితాలే చూపించారు.

మా తరఫున నిలబడ్డది వకీలు తిల్లైనాథన్. ఫీజు తీసుకోలేదు. కోర్టులో నా బొటనవేలు పైకెత్తించాడు.

"ఇరవై నాలుగేళ్లు ఆకు గిల్లిన వేలు ఇది. గీత ఒక్కటీ మిగల్లేదు. కాగితం మీద ఇంత చక్కటి ముద్ర ఎవరిది?"

గెలిచాం. తర్వాత ఎన్నికల్లో నిలబడి, ఆ వేళ్ల పేరు చెప్పుకునే ఓట్లడిగాడు. అందరం వేశాం. కొన్నేళ్లకు కొలంబోలో న్యాయమంత్రి అయ్యాడు.

తర్వాత ఆయనే కొత్త చట్టం తెచ్చాడు. గది మాదని సంతకమో వేలిముద్రో వేసి అర్జీ పెట్టాలి, లేదంటే ఖాళీ చెయ్యాలి. మా అర్జీలన్నీ తిరిగొచ్చాయి. ముద్ర స్పష్టంగా లేదట.

ఆకు తూచే కొట్టంలో కూడాం.

"మనవాడే కదా, చెబితే వింటాడు" అన్నాను.

"కారెక్కాక ఇంకా మనవాడేంటి సెల్లాయక్కా!" అంది పక్కగది పేచ్చి.

కొత్త కోర్టు తెరవడానికి ఆయన వచ్చిన రోజు, వీపున ఆకు బుట్టలతోనే దారికి అడ్డంగా నిలబడ్డాం. కారు అద్దం దించాడు.

"చట్టం అందరికీ ఒకటేనమ్మా. మంచి వకీల్ని పెట్టుకోండి."

"పెట్టుకున్నామయ్యా. మంత్రైపోయాడు" అన్నాను.

అద్దం పైకి లేచింది. పద్దెనిమిది మందినీ పోలీసులు లారీ ఎక్కించారు.

"ఇంకెప్పుడూ గుంపు కట్టబోమని వేలిముద్ర వేసి ఇళ్లకు పొండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పేచ్చి బొటనవేలు చూపించింది. "ఇది చెల్లదు సారూ. మీ మంత్రిగారి చట్టమే అంటోంది."

స్టేషను దద్దరిల్లేలా నవ్వాం. ఒక్కరూ వెయ్యలేదు. నాలుగు నెలలు జైల్లో ఉన్నాం. సమ్మె కేసులో వచ్చిన ఒక కాలేజీ పిల్ల అక్కడే మాకు బొగ్గుతో అక్షరాలు దిద్దించింది. పేచ్చి దగ్గి దగ్గి అక్కడే పోయింది. అప్పటికి తన పేరులో సగమే వచ్చు.

నిన్న మళ్లీ అర్జీ పంపాం. ఒక్క వేలిముద్రా లేదు, అన్నీ సంతకాలే. పేచ్చి గదికి ఆమె కూతురు సంతకం పెట్టింది. ఇది కూడా తిప్పి పంపితే మళ్లీ ఆ రోడ్డు మీదికే వెళతాం. ఒళ్లు అలసిపోయింది. గది మాత్రం వదల్లేదు.

సెల్లాయి, యాభై ఎనిమిదేళ్లు. నువర ఎలియ కొండల్లో అదే లైను, అదే ఆరో గది.