కోత పండుగ మక్కలు

చర్చిలో కోత పండుగ కానుకలు వేలం వేస్తే హన్నమ్మ ఒక మక్కజొన్నల బస్తా పాడుకుంది. దేవుని ముందు పెట్టిన గింజలు ఇంటికి దీవెన అని మూలన నిలబెట్టింది. తుఫాను ముసురుకు గోడ చెమ్మెక్కి, గింజల మీద పచ్చటి బూజు లేచింది.

పారేద్దామంది కోడలు రోజ.

"దేవునికిచ్చినయి పెంట మీద పోస్తవా? బర్రెకు పెడదాం. దాని కడుపుల రాళ్లు గూడ అరుగుతయి."

వారంపాటు కుడితిలో నానబెట్టి పెట్టింది. బర్రె ఒక్కపూట కూడా మేత మానలేదు. కానీ తల్లి కుడితి గోలెంలో మూతిపెట్టడం నేర్చిన దుడ్డె ఈ పొద్దున కూలబడి లేవలేదు. నారాయణఖేడ్ నుంచి పశువుల డాక్టర్ వచ్చి సూది వేశాడు. గోలెం అడుగున మిగిలిన మక్కలు వాసన చూసి మొహం చిట్లించాడు.

"తల్లి గవే తిన్నది గద సార్. దానికేం గాలే," అంది హన్నమ్మ మొండిగా.

"దాని పెద్ద కడుపుల కంటికి కనవడని జీవులుంటయమ్మా. బూజు విషాన్ని కొంత అవే విరగ్గొడ్తయి. కొంత కార్జం జూస్కుంటది. దుడ్డె కడుపుల గా జీవులు ఇంక సరిగ్గ పెరగలే."

"కొంత, కొంత అంటున్నరు. మిగిలింది ఏడికి వోతది సార్?" అడిగింది రోజ.

చేతులు కడుక్కుంటున్న డాక్టర్ ఆగాడు. "పాలల్లకు."

రోజ చూపు గడప మీదికి పోయింది. ఆమె చంటిబిడ్డ కృప పొద్దుట గ్లాసెడు పాలు తాగి, మూతికి ఎండిన చారతో గిన్నె వాయించుకుంటోంది.

"మంచిగ మసలబెట్టే పోసిన సార్..."

"మసిలితే గది పోదు. గీ మక్కలు బంద్ వెట్టు, కొద్దిరోజులల్ల పాలు బాగైతయి. అప్పటిదాంక పిల్లకు పొయ్యకు."

"మరి తాగినయో?"

"పరేషాన్ గాకు. పెద్ద భయం లేదు. కండ్లు పచ్చవడ్డా, తిండి మానినా జల్దీ దవాఖానకు తీస్కపో. బస్తా లోతుగ పాతిపెట్టుండ్రి."

సాయంత్రానికి దుడ్డె తల ఎత్తింది గానీ నిలబడలేదు. హన్నమ్మ పెరట్లో గుంత తవ్వి బస్తా గుమ్మరించింది. కొంగు కప్పుకుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, నీ గింజలు మట్టికే ఇస్తున్న. కోపం జెయ్యకు." మన్ను కప్పుతూ కోడలి వైపు చూసి, "మట్టిల గూడ గా జీవులుంటయానే?" అంది.

"ఉంటయేమో అత్తమ్మ."

కృప పాల కోసం ఏడ్చి ఏడ్చి, జొన్న గంజి సగం ఉమ్మేసింది. ఇది అలకా, తిండి మానడమా? రోజ పిల్లను వెలుగులోకి తిప్పి రెప్ప ఎత్తి చూసింది. కన్ను తెల్లగానే ఉంది. మళ్లీ చూసింది.

"ఎన్నిమాట్ల జూస్తవే, పిల్ల బెదురుతది," కసిరింది హన్నమ్మ.

కసురుతూనే వచ్చి పక్కన కూర్చుంది. మన్ను అంటిన చేతిని చీరకు తుడుచుకుని, రెండో కంటి రెప్ప తనే ఎత్తింది.