గాజు గదిలో నిచ్చెన

ఏ గుమ్మంలోనైనా తల వంచి దూరాల్సినంత పొడుగు కాబట్టి అందరూ అతన్ని నిచ్చెన అని పిలిచేవారు. సినిమాల్లో దయ్యమన్నా రాక్షసుడన్నా అతనే. ఇంతవరకు ఏ సినిమాలోనూ అతని ముఖం కనబడలేదు. ఈసారి వేరే గ్రహం నుంచి దిగిన జీవి వేషం. ఆ రబ్బరు తొడుగు తయారుచేసింది అతని సొంత అక్కే.

తల తొడుగులో చిన్న ఫ్యాను ఉంది. అది తిరిగితేనే లోపలికి గాలి. ఎప్పుడైనా ఆగిపోతే నిచ్చెన గుండె మీద రెండుసార్లు కొట్టుకోవాలి, అక్క పరుగెత్తుకొచ్చి తొడుగు లాగెయ్యాలి. అక్కాతమ్ముళ్లు అలా అనుకున్నారు.

ఆ రోజు తీస్తున్నది కథకు ఆయువుపట్టు. భూమి మీదికి దండెత్తి వచ్చినవాళ్లలో ఒకణ్ణి సైన్యం పట్టుకుని గాజు గదిలో పెడుతుంది. వాడితో మాట కలపడానికి భాషలు తెలిసిన ఒకావిడ వస్తుంది. ఆవిడ వేషంలో పేరున్న నటి గాజుకు ఇవతల నిలబడింది. అవతల నిచ్చెన.

అంతా సిద్ధమయ్యాక దర్శకుడికి కొత్త ఆలోచన తట్టింది.

"ఊరికే నిలబడితే చప్పగా ఉందయ్యా. గుండె మీద రెండుసార్లు కొట్టుకో. మీ లోకంలో అదే దండం అనుకుందాం."

అక్క పక్క గదిలో ఊడిన రబ్బరు వేలు అతికిస్తోంది. ఆమెను పిలిచి చెబుదామా అనుకున్నాడు నిచ్చెన. ఫ్యాను ఆగితే కదా, ఈ కాస్తకి పని ఆపించడం ఎందుకని ఊరుకున్నాడు. తల తొడిగారు. గాజు తలుపుకు బయట గడియ పడింది.

నటి గాజు మీద అరచెయ్యి ఆనించింది. "మేము మీకు హాని చెయ్యం. మీకేం కావాలి?"

సరిగ్గా అప్పుడే చెవి దగ్గర ఫ్యాను గుర్రుమని ఆగిపోయింది.

నిచ్చెన గుండె మీద రెండుసార్లు కొట్టుకున్నాడు.

"బాగుంది. ఇంకోసారి," అన్నాడు దర్శకుడు మైకులో.

మళ్లీ కొట్టుకున్నాడు, ఈసారి గట్టిగా. అరిచాడు కూడా. రబ్బరు దాటి అరుపు బయటికి రాలేదు. వదిలిన ఊపిరే మళ్లీ వేడిగా ముఖానికి తగులుతోంది. తొడుగు లాక్కోబోయాడు. పొడుగాటి రబ్బరు వేళ్లకు పట్టు చిక్కలేదు. గాజును బాదాడు. చుట్టూ అందరూ కన్నార్పకుండా చూస్తున్నారు. దర్శకుడు కెమెరామన్ భుజం నొక్కి, "ఆపకు. ఇలాంటిది మళ్లీ రాదు," అని గుసగుసలాడాడు.

నటికి ఒక పట్టుదల ఉంది. దర్శకుడు చెప్పకుండా ఏనాడూ షాటు ఆపి ఎరగదు. "మీకేం కావాలి?" అంటూ ఇంకా దగ్గరికి వచ్చింది. తొడుగు కళ్ల అద్దాలు లోపల ఆవిరి పట్టి ఉన్నాయి. ఆ ఆవిరి వెనక కనుగుడ్డు పైకి తేలిపోతోంది.

"గడియ తియ్యండి," అంది.

తుపాకులు పట్టుకున్న సైనికుల వేషాలవాళ్లు కదల్లేదు.

"ఇది డైలాగు కాదయ్యా. లోపల మనిషి పోతున్నాడు."

తనే ఉరికి గడియ లాగింది. నిచ్చెన తలుపులోంచి ఆమె కాళ్ల దగ్గర కూలిపోయాడు. ఆ చప్పుడుకు అక్క చేతిలో బ్లేడుతోనే పరుగెత్తుకొచ్చింది. వెనక జిప్పు రబ్బరులో ఇరుక్కుపోయి రాలేదు. నెలల తరబడి చేతులు కాయలు కాసేలా చేసిన తలను మెడ నుంచి గడ్డం దాకా చీల్చేసింది. తమ్ముడి పెదవులు నల్లబడి ఉన్నాయి.

"పీల్చరా. ఒరేయ్, నా మాట విను. పీల్చు."

చెంపల మీద కొట్టింది. వీపు చరిచింది. ఎంతకీ చలనం లేదు. ఆఖరికి ఒక్క దగ్గు వచ్చింది.

డాక్టరు చూసి వెళ్లాక, మధ్యాహ్నం, దర్శకుడు స్టూడియో గదిలో నిచ్చెన పడుకున్న మంచం పక్కన వచ్చి కూర్చున్నాడు. "తప్పు నాదే. కానీ ఆ షాటు ఉంచుకుంటానయ్యా. జన్మలో నువ్వు అంత బాగా చెయ్యలేదు."

అక్క విసురుగా లేచింది. నిచ్చెన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నేనేం చెయ్యలేదు సార్. ఊపిరాడక కొట్టుకున్నాను, అంతే. అది చెరిపెయ్యండి. నాకు వేషం కట్టడం వచ్చు. మళ్లీ చేస్తాను."

గుమ్మంలో నిలబడి ఉన్న నటి నెమ్మదిగా, "అది ఉంటే ఈ సినిమాకు నేను డబ్బింగ్ చెప్పను," అంది. సాయంత్రం అందరి ముందూ దాన్ని చెరిపేశారు.

"మళ్లీ అందులోకి దూరతావా? నీకు బుద్ధుందా?" అంది అక్క ఇంటికి వెళుతూ.

"ఇప్పుడు దూరకపోతే ఇక ఎప్పటికీ దూరలేనక్కా."

కొత్త తలకు రెండు ఫ్యాన్లు పెట్టింది. తలుపు గడియ పీకించింది. షాటు తీసే రోజున తను కూడా గాజు గదిలో, కెమెరాకు కనబడకుండా నేల మీద పడుకుని తమ్ముడి మడమ పట్టుకుంది. అతను కాలు రెండుసార్లు విదిలిస్తే తను లేచి తొడుగు లాగెయ్యాలి.

నటి అరచెయ్యి ఆనించింది. నిచ్చెన చెయ్యి మెల్లగా లేచింది. అక్క పిడికిట్లో అతని కాలు వణకడం మొదలుపెట్టింది. ఇది సైగా, కాదా? లేవబోయింది. ఫ్యాన్ల చప్పుడు వినబడింది. పళ్లు బిగబట్టి అలాగే ఉండిపోయింది. గాజుకు అటూ ఇటూ రెండు చేతులూ కలిశాయి.

"కట్."

మాట పూర్తికాకముందే అక్క తొడుగు లాగేసింది. తమ్ముడి ముఖమంతా చెమట.

"కాలెందుకురా అంతలా వణికింది?"

"భయమేసింది."

"మరి విదిలించలేదేం?"

"గాలి ఆడుతోంది కదా," అని, మంచినీళ్ల కోసం చెయ్యి చాపాడు.