నల్లబడిన మాంసం

కబేళాలో కొక్కేలకు వేలాడుతున్న పన్నెండు తొడల్లో నాలుగు నల్లగా, బంకబంకగా ఉన్నాయి. సూపర్‌వైజరు ఆ నేరాన్ని కత్తి పట్టే మామయ్య మెడకు చుట్టేశాడు.

"రక్తం సరిగా పోనివ్వలేదు ముసలాయన. సాయంత్రం కత్తి అప్పజెప్పి వెళ్లమనండి."

తండ్రి పోయాక అన్నయ్యనూ, ఇక్కడ మాంసం పరీక్షిస్తుందని అందరూ టెస్టమ్మ అని పిలిచే అతని చెల్లెల్నీ సాకింది, ఆమెను డిగ్రీ దాకా చదివించింది ఆ కత్తే.

టెస్టమ్మ ఆమ్లం కొలిచే పీహెచ్ మీటరు మొనను మాంసంలో కసుక్కున గుచ్చింది. ఆరున్నర. ఆమ్లం సరిపడా పుట్టి ఉంటే ఐదున్నరకు దిగాల్సిన అంకె.

"తప్పు కత్తిది కాదు సార్. ప్రాణం పోయినా కండలోని కణాలు వెంటనే చావవు. దాచుకున్న గ్లూకోజును గాలి లేకుండానే విరగ్గొట్టుకుంటాయి. అప్పుడు పుట్టే ఆమ్లం వల్లే మాంసం ఎర్రగా ఉంటుంది. వీటిలో విరగ్గొట్టడానికి ఏమీ మిగల్లేదు. బతికుండగానే పెనుగులాడి అంతా ఖర్చు చేసుకున్నాయి."

"ఎవరితో పెనుగులాడాయమ్మా, దెయ్యాలతోనా?"

ఆమె ఒలిచిన తోలొకటి తిరగేసింది. లోపలి వైపు వీపు పొడవునా కమిలిన చారలు. ఇనుప కడ్డీ వెడల్పు. దున్నలను దొడ్డి నుంచి తోలేది అన్నయ్య. తిరగేయకముందే ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా తిరగేసింది.

అన్నయ్య కడ్డీతోనే లోపలికి వచ్చాడు. కడ్డీకి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"పొగరెక్కిన ఆ రెండు దున్నల్నీ నేనే కొట్టాను. నిన్న పొద్దున్నుంచీ కొట్టాను, అవి నిలబడలేనంత దాకా. చెల్లీ, నీ మీటరుకు తెలియనిది ఒకటుంది. మామయ్య చెయ్యి ఆరు నెలలుగా వణుకుతోంది. కదిలే దున్న గొంతు ఆయన కొయ్యలేడు. పోయినసారి ఒకదాని కొమ్ము ఆయన పక్కటెముకల్ని రాసుకుంటూ పోయింది."

సూపర్‌వైజరు మామయ్య చేతుల వైపు చూశాడు.

మామయ్య నడిచి వచ్చి కడ్డీ లాక్కున్నాడు.

"నా కోసమారా, నోరు లేనివాటిని ఒక పగలంతా చంపావు?"

మొదటి దెబ్బకు అన్నయ్య మోకాళ్ల మీద పడ్డాడు. రెండో దెబ్బకు భుజం విరిగిన చప్పుడు గదంతా వినబడింది. అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడోది ఎత్తేసరికి మామయ్య చెయ్యి గాల్లోనే వణికి, కడ్డీ జారి గచ్చు మీద దొర్లింది.

ఆయన నడుముకున్న కత్తి తీసి, నీళ్ల కింద కడిగి, తుడిచి, సూపర్‌వైజరు ముందు పెట్టాడు.

"ఆ ఆరున్నర రాసుకో తల్లీ," అన్నాడు. "కింద కారణం కూడా రాయి."