సంతకం మిగిలిన పేజీ

ఒక కన్ను పొంగే పాల మీద, రెండో కన్ను పంచాయతీ తీర్మానాల పుస్తకం మీద ఉంచి సంతకం పెట్టడం విశాలాక్షికి నాలుగేళ్లుగా అలవాటు. పుస్తకాన్ని వంటింట్లోకి తెచ్చేది భర్త పున్నారావు. ఎక్కడ పెట్టాలో వేలితో చూపేదీ ఆయనే. "పెట్టు. చదివితే నీకేం అర్థమవుద్ది?" అనేవాడు. సీటు ఆడవాళ్లకు వచ్చిందని ఆమెను నిలబెట్టాడు గానీ, ఊరు సర్పంచ్ గారూ అని పిలిచేది ఆయన్నే.

ఆ ఉదయం నరసరావుపేట కాలేజీ నుంచి ప్రత్యూష అనే అమ్మాయి వచ్చింది. అవినీతి వల్ల పంచాయతీల్లో ప్రజల పాలన ఏమైపోతోందో చదువుతోందట. "సర్పంచ్ గారూ, గ్రామసభలు మీరే జరుపుతారా?" అని గుమ్మంలో నిలబడ్డ విశాలాక్షిని అడిగింది.

"మా ఆవిడకి సిగ్గమ్మా, నన్నడుగు," అన్నాడు పున్నారావు. "ఏమే, టీ పెట్టు పో."

పన్నెండు ప్రశ్నలకూ ఆయనే జవాబు చెప్పాడు. తీర్మానాల పుస్తకం చూస్తానని ఆ పిల్ల అడిగేసరికి మాత్రం పుస్తకం పట్టుకుని గబగబా వంటింట్లోకి వచ్చాడు. "రెండు నెలల కిందటి పేజీలో నీ సంతకం మిగిలిపోయింది. పెట్టి తీసుకురా," అని గొంతు తగ్గించి చెప్పి వెళ్లాడు.

విశాలాక్షి ఆ పేజీ చదివింది. పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ నేర్చుకున్న చదువు అది. ఆ సంగతి తెలిసింది వార్డు మెంబరు కృపామణి ఒక్కదానికే. "వచ్చిన చదువు రానట్టు ఎన్నాళ్లు నటిస్తావక్కా?" అని ఆసుపత్రి మంచం మీద కూడా నవ్వింది. జవాబు రేపు చెప్తాలే అనుకుని విశాలాక్షి బస్సెక్కింది. ఆ రేపు రాలేదు. అమ్మ దగ్గరా అంతే, చెల్లెలి దగ్గరా అంతే. ఆమెకు ప్రతి వీడ్కోలులోనూ ఒక మాట బాకీ పడిపోతుంది.

సమాధుల దొడ్డిలో సగం క్వారీ లారీల దారికి ఇవ్వడానికి గ్రామసభ ఏకగ్రీవంగా ఒప్పుకుందని రాసి ఉంది. అధ్యక్షురాలు విశాలాక్షి. తేదీ చూసి ఆమె పొయ్యి కట్టేసింది. ఆ రోజు సభ లేదు. ఊరంతా అదే దొడ్డిలో కృపామణి మీద మట్టి వేస్తూ నిలబడింది. కింద హాజరైనవాళ్ల సంతకాల్లో మూడోది కృపామణిది. ఆ అక్షరాలు పున్నారావువి.

"ఏందే ఇంకా?" వెనకనుంచి వచ్చాడు. పెన్ను ఆమె వేళ్ల మధ్య ఇరికించాడు. "క్వారీ వాళ్లకి మాటిచ్చా. నువ్వు పెట్టకపోతే నా పరువు బజార్న పడుద్ది. ఆ తర్వాత ఈ ఇంట్లో నీకేం పని?"

ముప్పై ఎనిమిదేళ్ల కాపురం. ఇది కూడా ఒక వీడ్కోలే కావచ్చు. ఈసారి మాట మిగలకూడదు.

పెన్ను కందిపప్పు డబ్బా మీద పెట్టి, పుస్తకం తీసుకుని ముందు గదిలోకి నడిచింది. సంతకం లేని ఆ పేజీని అమ్మాయి ముందు తెరిచి, పున్నారావు లేచిన కుర్చీలో కూర్చుంది.

"మొదటి ప్రశ్న నుంచి మళ్లీ అడుగమ్మా," అంది. "ఇందాక నీకు చెప్పింది సర్పంచ్ కాదు."