రోప్ పట్టుకున్నవాడి మాట

ఆ ఎగిరే హీరో సినిమా విడుదలైన వారానికి బజారులో ఎర్ర గుడ్డ దొరకడం మానేసింది. ఉన్న గుడ్డంతా పిల్లల భుజాల నుంచి వేలాడుతోంది. మంగలి షాపుల గోడల మీద కొత్త హీరో క్రాఫు బొమ్మలు వెలిశాయి. బస్సులో పక్కపక్కన కూర్చున్న పెద్దవాళ్లు, వాడే గనక నిజంగా దిగివస్తే ముందు రోడ్డు మీద గోతులు పూడుస్తాడా, ఆఫీసుల్లో ఫైళ్లు కదిలిస్తాడా అని వాదించుకున్నారు. ఒక బడిలో టీచరమ్మ "ఆయన మన వీధికొస్తే ఏం అడుగుతారు?" అని వ్యాసం రాయమంటే, సగం మంది హోంవర్కు చేసిపెట్టమంటామని రాశారు. నవ్వుకోవలసిన సంగతే. సినిమా చూసి సంతోషపడేవాళ్లను తప్పుపట్టడానికి నేనీ కథ మొదలుపెట్టలేదు. కానీ పాఠకులారా, ఆ సంబరం వెనక ఒక మనిషి ఉన్నాడు. అతని సంగతి మీకు తెలియాలి.

అతనిది రోప్ పని. తెర మీద ఎగిరే హీరో నిజానికి నేల వదలడు. హీరో బట్టలు తొడుక్కున్న డూప్ నడుముకు బెల్టు కట్టి, దానికి సన్నటి ఇనుప తీగ తగిలించి, కప్పీ మీదుగా నలుగురు మనుషులు లాగుతారు. ఆ తీగనే వాళ్లు రోప్ అంటారు. తర్వాత కంప్యూటర్లో తీగను చెరిపేస్తారు, లాగినవాళ్లనూ చెరిపేస్తారు. ఆ నలుగురికీ పెద్ద ఇతనే. పాతికేళ్ల అనుభవం. యూనిట్లో చిన్నా పెద్దా అందరికీ పెద్దన్న. ఈ సినిమాలో డూప్‌గా చేసినవాడు అతని చెల్లెలి భర్త. ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తినేవారు.

ఫైట్ యూనిట్లలో ఒక కట్టుబాటు ఉంది. దర్శకుడు ఎంతటివాడైనా సరే, కెమెరాలు ఎన్ని సిద్ధంగా ఉన్నా సరే, రోప్ పట్టుకున్న పెద్ద "వద్దు" అంటే షాట్ లేదు. ఎందుకని ఎవరూ అడగకూడదు. ఆ ఒక్క మాట దగ్గర అందరికంటే పెద్దవాడు అతనే.

బావ పోయి ఏడు నెలలైంది. తీగ తెగి, నాలుగంతస్తుల సెట్టు మీద నుంచి పడ్డాడు. కాగితాల మీద ప్రమాదమని రాశారు. చెల్లెలు కూడా అదే నమ్మింది.

"అన్నయ్యా, పిల్ల వాళ్ల నాన్నని చూస్తానని ఒకటే గోల. ఒక్కదాన్నే తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు. నువ్వు కూడా రా" అని ఆమె అడిగితే అతను కాదనలేకపోయాడు. ఏడు నెలలుగా ఆమెకు చెప్పకుండా దాచిన మాట ఒకటి అతని దగ్గరుంది.

మధ్యాహ్నం ఆట. హాలు కిటకిటలాడుతోంది. ఎనిమిదేళ్ల మేనకోడలు ఇద్దరి మధ్యా కూర్చుంది. హీరో కనిపించిన ప్రతిసారీ "అమ్మా, ఇది నాన్నేనా?" అని అడుగుతోంది.

"మొహం కనిపిస్తే హీరో తల్లీ. వీపు కనిపిస్తే నాన్న" అంది తల్లి.

ఆ తర్వాత పిల్ల మొహాల కోసం చూడటం మానేసింది.

కాసేపటికి తగలబడుతున్న భవనం వచ్చింది. కప్పు అంచున హీరో మనకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు. కుడి మడమతో నేలను రెండుసార్లు తట్టాడు. అది బావ అలవాటు. చెల్లెలు అన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతను మాత్రం మడమను చూడలేదు. గోడ మీద పడిన ఎండను చూశాడు. ఎండ పచ్చబడి ఉంది. షూటింగులో బావ మొదటి ఐదుసార్లు దూకినప్పుడు ఎండ తెల్లగా మండిపోతూ ఉండేది. అతను చెల్లెలి చేతిలోంచి చెయ్యి విడిపించుకున్నాడు. తెర మీద బావ దూకాడు. హాలంతా లేచి నిలబడింది. ఈలలు, కేకలు, ఎగరేసిన కాగితం ముక్కలు. మేనకోడలు కుర్చీ ఎక్కి "మా నాన్న, మా నాన్న" అంటూ చప్పట్లు కొట్టింది. ముందు వరసలో ఉన్నాయన వెనక్కి తిరిగి, పిల్ల ముచ్చటకు నవ్వాడు.

ఆట అయ్యాక ముగ్గురూ పక్క గుమ్మంలోంచి బయటికొచ్చారు. మెట్ల కింద ఎర్ర గుడ్డలు కట్టుకున్న పిల్లలు గెంతుతుంటే మేనకోడలు అటు పరిగెత్తింది. అతను మెట్టు మీద కూలబడ్డాడు.

"చెల్లీ, ఇందాక అందరూ లేచి నిలబడ్డారే, అది ఆరోసారి దూకింది."

"అంటే?"

"బావ ఆఖరుసారి దూకింది. కాళ్లు అంచు వదిలేదాకా వాడుకుని, మిగతాది కంప్యూటర్ బొమ్మ కలిపారు."

ఆమె నెమ్మదిగా పక్కన కూర్చుంది. పిల్ల కొట్టిన చప్పట్లు ఆమెకు గుర్తొచ్చి ఉంటాయి. రెండు చేతులూ ఒళ్లో దాచుకుంది.

"ఇంకోటుంది" అన్నాడతను. "ఐదోసారి అయ్యాక తీగ చుడుతుంటే నా చేతి తొడుగుకి ఏదో గుచ్చుకుంది. చూస్తే ఒక పోగు తెగి లేచింది. తీగ మార్చాలంటే రెండు గంటలు పడుతుంది. ఆలోగా వెలుతురు పోతుంది. రిలీజు తేదీ ఊరంతా వేసేశారు. అందరూ నా మొహంకేసే చూస్తున్నారు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నా. బావ పైనించి నాకేసి చూశాడు. నేను అంతా బాగుందన్నట్టు బొటనవేలు చూపించాను."

ఆమె మెట్ల కింద గెంతుతున్న కూతురికేసి చూసింది. తర్వాత అంది.

"ఆయనకి ఎత్తంటే భయం. తెలుసా నీకు?"

అతనికి తెలియదు.

"పెళ్లైన కొత్తలో ఈ పని మానెయ్యమని రోజూ ఏడ్చేదాన్ని. 'కింద మీ అన్నయ్య ఉన్నాడుగా, నాకేంటి' అనేవాడు. ఆ మాట విన్నాకే ఏడవడం మానేశాను. ఆయన ఎగరగలడని నేనెప్పుడూ అనుకోలేదన్నయ్యా. కింద నువ్వున్నావనే పంపాను."

అంత మనిషీ నలుగురిలో వెక్కివెక్కి ఏడ్చాడు. "నన్ను తిట్టవే. చెంప పగలగొట్టు."

"తిడితే నీ గుండె బరువు దిగుతుంది. నాకేం దిగుతుంది?" ఆమె లేచి నిలబడింది. "నాకు చెప్పింది నీ పనివాళ్లకి చెప్పు. ఒక్క ముక్క దాచకుండా చెప్పు. అందాకా మా ఇంటికి రాకు. ఆ తర్వాతైనా రమ్మంటానో లేదో నాకు తెలీదు."

పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. "మామయ్య రాడా?" అని పిల్ల రెండుసార్లు వెనక్కి చూసింది.

మర్నాడు పొద్దున యూనిట్ అంతా ప్రాక్టీసు మైదానంలో చేరింది. సినిమా రెండో భాగానికి అప్పుడే తేదీలు వేశారు. కొత్త డూప్ బెల్టు కట్టుకుంటున్నాడు. అతను అందరినీ దగ్గరికి పిలిచి, పోగు సంగతీ బొటనవేలి సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఫైట్ మాస్టర్ భుజం మీద చెయ్యేసి, "అయిపోయిందేదో అయిపోయింది పెద్దన్నా, ఇప్పుడెందుకు ఇదంతా" అన్నాడు. అతను ఆ చెయ్యి మెల్లగా తీసేశాడు.

"నిన్న హాల్లో జనాన్ని చూశాను. ఇలాంటివాడొకడు పైనుంచి దిగితే మన కష్టాలు తీరతాయని వాళ్ల ఆశ. వాళ్లను ఏమీ అనను. కానీ ఆ రోజు సెట్లో నలభై మందిమి ఉన్నాం. మా బావను కాపాడటానికి ఎవరికీ ఎగరడం రానక్కర్లేదు. 'వద్దు' అంటే చాలు. ఆ మాట నా నోట్లోనే ఉంది, అందరి మొహాలు చూసి మింగేశాను. నా చెల్లెలు ఇక నా మొహం చూస్తుందో లేదో. మీరు మాత్రం, కళ్లెదుట ఒక ప్రాణానికి ముప్పు కనబడితే ఎవరు విసుక్కున్నా సరే ఆపమని నోరు తెరిచి చెప్పండి. ఆకాశంలోంచి ఎవరూ దిగిరారు, కింద ఉన్న మనమే ఒకరికొకరం."