విచారణకు వచ్చిన మనిషి

బట్టలు మడతపెడుతుంటే బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, రేపు పొద్దున మా మనిషి మీ ఇంటికొస్తాడు. మీరు సొంత పని పెట్టుకుని ఎంతో కాలం కాలేదు కదా, కళ్ళారా చూస్తేగానీ హోమ్ లోన్ ఇవ్వరు." చేతిలోని మా ఆయన చొక్కా జారి కింద పడింది. నా ల్యాబ్ ఇంటి వెనక గదిలోనే ఉంది. ఫ్లాట్ కోసం లోన్‌కి పెట్టానని మాత్రం ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను పళ్ళు చేస్తాను. కట్టుడు పళ్ళు, పంటి తొడుగులు. ఒకరి ల్యాబ్‌లో పనిచేసినన్నాళ్ళూ జీతం తెచ్చి ఆయన చేతిలోనే పోశాను. నిరుడు మానేసి సొంతంగా మొదలుపెడితే, "నెల తిరిగేసరికి మళ్ళీ వాళ్ళ కాళ్ళే పట్టుకుంటావు," అన్నాడు. అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ, "మా కోడలికి నోట్లో మాట లేదుగానీ, ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ మా ఇంట్లోనే," అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే రాత్రి అన్నం దగ్గర ఆయన మొదలుపెట్టేవాడు: "ఇది ఎవరిల్లనుకుంటున్నావు?" ఒకరోజు ఆ మాట విని మా పాప పుస్తకాల సంచీ తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. ఏమిటే అంటే, "వెళ్ళిపొమ్మంటారేమో అని," అంది. మర్నాడే బ్యాంకుకు వెళ్ళాను.

"జీతం ఉన్నప్పుడే వచ్చుంటే చిటికెలో అయ్యేది. పోనీ, మీవారి చేత సంతకం పెట్టించండి," అన్నాడు మేనేజరు. నా ఒక్కదాని పేరు మీదే కావాలన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

మా ఆయన ఆఫీసుకు వెళ్ళాక మనిషిని పంపమని ఫోన్‌లోనే చెప్పాల్సింది. భయంలో ఆ ముక్కే మరిచిపోయాను. పొద్దున్నే బెల్లు మోగింది. వెనక గదిలో నా చేతులు అచ్చులు పోసే తడి ప్లాస్టర్‌లో ఉన్నాయి. ఆయనే తలుపు తీశాడు.

"హోమ్ లోనా? ఎవరికి?"

"మేడమ్‌గారికి సార్. వ్యాపారం ఇక్కడేనా?"

ఆయన నవ్వు వినిపించింది. "వ్యాపారమేంటండీ! ఊసుపోక ఏదో కెలుకుతూ ఉంటుంది. ఇల్లు గడిచేది నా జీతంతో."

"అయితే వద్దని రాసేయమంటారా?"

కదలకుండా ఊరుకుంటే చాలు. బ్యాంకువాళ్ళే ఏదో పొరబడ్డారని సాయంత్రం చెప్పుకోవచ్చు. ఆయన తిడతాడు, రెండు రోజులకు మరిచిపోతాడు. ఎప్పటిలా కూర వండి పెడతాను. కానీ కాళ్ళు ఎలా కదిలాయో తెలియదు, ముందు గదిలో ఉన్నాను.

"రాయకండి. అడిగింది నేను. రండి, ల్యాబ్ చూపిస్తాను."

"లోపలికి పో," అన్నాడు ఆయన, నెమ్మదిగా. ఆయన అరుపులకన్నా ఆ నెమ్మదికే నాకు దడ. అయినా వచ్చినతన్ని వెనక గదికి తీసుకెళ్ళాను. బల్ల మీది దవడ అచ్చుల్నీ, డాక్టర్లు పంపిన డబ్బాల్నీ అతను ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాడు. ఎవరెవరు పని పంపుతారో అడిగాడు. తడబడుతూనే అన్నిటికీ జవాబు చెప్పాను. ఆయన వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"చివరిగా ఒక్కటి మేడమ్. కొనే ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

ఆయన వైపు చూడలేదు.

"నేనూ, మా పాపా."