నాన్న బూట్ల చప్పుడు

ఫోనులో అమ్మ "నాన్న చప్పుడురా" అంది. రాదేకి "నాన్న చెప్పాడురా" అని వినబడింది. పోయి నెల దాటిన మనిషి ఏం చెబుతాడు? అదే అడిగితే, "చెప్పడం కాదు, వచ్చాడు. తలుపు తీసి పెట్టాను," అని అమ్మ స్తమెంకా ఫోను పెట్టేసింది.

రాదే అన్నది పేరు మాత్రమే. అతనికి రాని చప్పుడు బెల్‌గ్రేడ్‌లో లేదు. టీవీ సీరియళ్ళకు చప్పుళ్ళు చేయడం అతని వృత్తి. సెలరీ కాడ విరిచి విలన్ల ఎముకలు విరుస్తాడు. కంటికి కనిపించేది నటుడే, చెవికి వినిపిస్తేనే మనిషి అని అతని వాదం.

ఆ సాయంత్రం వచ్చిన భాగంలో ఒక ముసలాయన చాలా ఏళ్ళకు ఇంటికొచ్చి మెట్లెక్కుతాడు. ముఖం కనబడదు, అడుగులే. చప్పుళ్ళు రికార్డు చేసిన రోజు రాదే స్టూడియోలోని బూట్లన్నీ తొడిగి నడిచినా డైరెక్టరు ఓల్గిత్సా పెదవి విరిచింది. "ఈయన ఇంటికి రావడం లేదు, బూట్ల కొట్లో సైజు చూసుకుంటున్నాడు," అంది. దాంతో అతను నాన్న బూట్లు తెచ్చాడు. నలభయ్యో రోజున పేదవాడికివ్వాలని అమ్మ సంచిలో మూటగట్టినవి. అంతవరకూ పోయినవాళ్ళు ఇల్లు వదలరని ఆవిడ నమ్మకం.

ఎడమ కాలు ఈడ్చి, మెట్ల మలుపులో ఆగి, గుమ్మం ముందు మడమకు మడమ రాసి బూట్లు విడవడం నాన్న నడక. రాదే అచ్చంగా అలాగే నడిచాడు. ఓల్గిత్సా కళ్ళు తుడుచుకుంది. అమ్మకు చెప్పాలన్న సంగతే అతనికి తట్టలేదు.

ఇప్పుడు అమ్మ ఫోను విని, బూట్ల సంచి పట్టుకుని పరుగున వెళ్ళేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గడప లోపల నాన్న ఇంటి చెప్పులు, తొడుక్కోవడానికి వీలుగా. రాదే కాలు గాలిలోనే ఆగిపోయింది. వంటింట్లో నాన్న కుర్చీ ముందు కాఫీ పొగలు కక్కుతోంది. పక్కింటి జివ్కా పాలిపోయి నిలబడి ఉంది. మెట్ల మీద కాదు, తన ముందుగదిలోనే నడిచాడని ఆవిడ ప్రమాణం చేస్తోంది.

"నీ గదిలో టీవీ ఉందా పిన్నీ?" అన్నాడు రాదే.

"ఉంటే? సీరియల్ చూస్తున్నాను."

అతను సంచిలోంచి బూట్లు తీసి నేల మీద పెట్టాడు. జివ్కా గోడకు అతుక్కుపోయింది. రాదే ముందుగదిలో మోగుతున్న తమ టీవీని చూపించి, ఎవరు నడిచారో, ఎందుకు నడిచారో చెప్పాడు. అమ్మ బూట్లకేసి చూసింది.

"ఒకసారి పోయాడు, ఏడ్చాను," అంది. "ఇప్పుడు నీ నోటితో మళ్ళీ చంపావురా."

అప్పుడే, రాదే పరుగు చూసిన కింది అంతస్తు చెవిటి స్వెతోజార్ ఆయాసపడుతూ వచ్చి ఏం జరిగిందన్నాడు. స్తమెంకా వంగి ఇంటి చెప్పులు తీసి, ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది:

"ఎవరూ రాలేదు బాబాయ్! సీరియల్లో మెట్లెక్కింది మావాడు. వాళ్ళ నాన్న బూట్లు తొడుక్కుని నడిచాడు. అందరం మోసపోయాం. కూర్చో, ఒక కాఫీ మిగిలింది."